మూసారాం దొర

పెబ్బేరు సంతకు ఎడ్లను కొనవచ్చిన రైతును ఎప్పుడైనను చూచితిరా? అమ్మువాడు తన ఎద్దును ఎంత పొగడినను, కొనువాడు తల యూపుచు వినునే గాని నమ్మడు. ఎద్దు నోరు తెఱచి పండ్లు చూచును. గిట్టలు తట్టి చూచును. నాలుగడుగులు నడిపించి, కాడి మెడపై పెట్టి, బరువు లాగించి చూచును. ఆ తరువాతనే బేరము. మాటకు విలువ లేదని కాదు. పరీక్షకు నిలిచినదే మాటకు విలువ తెచ్చునని వాని యెఱుక.

తుపాకుల విషయమునను పూర్వము ఐరోపాలో ఇట్టి ఆచారమే యుండెను. క్రొత్తగా చేసిన గొట్టములో మామూలుకంటె మిక్కిలి హెచ్చుగా మందు కూరి, గుండు వేసి, మనుష్యులు చాటున నిలిచి నిప్పంటించెడివారు. బలహీనమైన గొట్టము అక్కడనే పగిలిపోవును. పగులక నిలిచినదానిని పరీక్షకులు పగుళ్లు, ఉబ్బులు ఉన్నవేమోయని తిప్పి తిప్పి చూచి, ఒక చిన్న ముద్రను ఉలితో కొట్టుదురు. దానినే పరీక్షాముద్ర యందురు. ఆ ముద్ర అలంకారము కాదు. నిప్పులోనుండి వచ్చితినని ఇనుము చెప్పు సాక్ష్యము.

పరదేశమున పుట్టి, మన హైదరాబాదు రాజ్యమున నిప్పులోనుండి నడచి, ఈ నేలమీదనే ప్రాణము విడిచిన యొక దొర చరిత్ర ఇక్కడ చెప్పబడుచున్నది. ఆయన తుపాకులవలన పైకి వచ్చెను, తుపాకులు చేయించెను. తుదకు జనుల నోటిలో ఒక క్రొత్త పేరును ముద్రగా పొందెను. ఆయన పేరు మిషెల్ జోకిం మరీ రేమండు.

రేమండు 1755వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు నైఋతి భాగమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వర్తకుని కుమారునకు వర్తకమే తోచును గదా! 1775లో, ఇరువది యేండ్ల వయస్సున, ఆయన పుదుచ్చేరికి ఓడలో వచ్చి దుకాణము పెట్ట యత్నించెను. ఆ వ్యాపారము నిలువలేదు. దేశము కాని దేశమున, చేతిలో ధనము లేక, భాష తెలియక, ఆ యువకుడు నిలిచిన స్థితి ఎట్లుండెనో బాలురు ఊహింపవచ్చును. తిరుగు ఓడ యెక్కుట యొక దారి. ఉన్నచోటనే వేఱొక వృత్తిని నేర్చుకొనుట మఱియొక దారి. రేమండు రెండవదానిని ఎన్నుకొనెను.

ఆ దినములలో దక్షిణదేశమున మైసూరు, హైదరాబాదు, మహారాష్ట్ర రాజ్యములును, ఇంగ్లీషు కంపెనీయు, ఫ్రెంచివారును ఒకరి నొకరు నమ్మక కత్తులు నూఱుచుండెను. ఐరోపా పద్ధతిని సిపాయిలకు వరుస నిలుచుట, ఒక్కమాఱుగా కాల్చుట నేర్పగల వారికి ప్రతి దర్బారునందును గిరాకి యుండెను. రేమండు మొదట మైసూరునందు హైదరాలీ కొలువున నున్న ఫ్రెంచి దళమున చేరి సైనికవృత్తిని అభ్యసించెను. 1783లో బుస్సీ దొర వృద్ధుడై మరల ఇండియాకు వచ్చినప్పుడు ఆయనకు అనుచరోద్యోగిగా నుండెను. ఈ బుస్సీ మన తెలుగువారికి క్రొత్తవాడు కాడు. 1757 జనవరిలో బొబ్బిలికోట ముందు నిలిచిన సేనాపతి ఈయనయే. సలాబతుజంగు కాలమున హైదరాబాదు దర్బారును తన మాటమీద నడిపించినవాడును ఈయనయే. ఈ దర్బారు పద్ధతులను అంతగా ఎఱిగిన ఫ్రెంచివాడు మఱియొకడు లేడు. అట్టివాని యొద్ద కొలువు చేయుట రేమండునకు పాఠశాలవలె ఉపయోగపడియుండును. 1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. పిమ్మట రేమండు హైదరాబాదు చేరి, రెండవ ఆసఫ్‌జాహీయైన నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను.

ఆయన ఆరంభము ఎంత చిన్నదో చూడుడు. మూడువందల సిపాయిలు మాత్రమే. వారికి ఇచ్చుటకు సొంత తుపాకులైనను లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని యొద్ద తుపాకి యొక్కింటికి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు తెచ్చెను. లెక్క వేసినచో మూడువందల తుపాకులకు నెలకు నూట యేబది రూపాయలు. అద్దె తుపాకులతో దండు ప్రారంభించిన ఈ మనుష్యుడు పదునైదేండ్లు తిరుగకముందే సుమారు పదునాలుగువేల సేనకు అధిపతి యయ్యెను. తప్పినది వర్తకమే గాని, వర్తకుని యింట నేర్చిన లెక్క మాత్రము తప్పలేదు.

ఆ కాలపు తుపాకులను, పిస్తోళ్లను గూర్చి ఇక్కడ కొంత చెప్పుట అవసరము. ఏలయన, ఇప్పటికిని హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునందును, ఇతర ప్రదర్శనశాలలందును, పాత దేవిడీలలోని గోడలమీదను అట్టివి కనబడును. మన గద్వాల, వనపర్తి సంస్థానములవారు నిజామునకు పేష్కషు చెల్లించుచు తమ బలగములను తామే పోషించిన కాలమది. చూపరులు సాధారణముగా పిస్తోలుమీది వెండిపనిని, నగిషీని మాత్రమే చూచి మెచ్చుకొని పోవుదురు. తెలిసినవాడు మాత్రము నగిషీని విడిచి, గొట్టపు మొదట, మందు కూరబడు చోటికి దగ్గఱగా, సాధారణముగా ఎడమప్రక్కన నున్న చిన్న గుర్తులను వెదకును. కొన్నిటికి ఆ గుర్తులు అడుగున నుండును.

గుర్తులన్నియు ఒకటి కావు. చేసినవాని పేరు వేఱు. పరీక్షించినవారి ముద్ర వేఱు. సొంతదారుని ముద్ర వేఱు. తనిఖీ చేసిన ఉద్యోగి గుర్తు వేఱు. వీనిని కలిపివేసినచో చరిత్ర తాఱుమాఱగును.

లండనులోని తుపాకి పనివారి సంఘము 1637లో రాజశాసనము పొందినది. వారి ముద్రలు రెండు. కిరీటము క్రింద జి, పి అను అక్షరములున్నచో నిప్పుపరీక్షకు నిలిచినదనియు, కిరీటము క్రింద వి అను అక్షరమున్నచో కన్నులార తనిఖీ చేయబడినదనియు అర్థము. బర్మింగుహాము పట్టణమునకు 1813లో చట్టముచే స్వంత పరీక్షాశాల యేర్పడెను. అక్కడి ముద్రలో కిరీటము క్రింద రెండు రాజదండములు అడ్డముగా నుండి, వాని సందులలో బి, పి, సి, వి అను అక్షరములుండును. ఇంగ్లీషు ప్రభుత్వపు ఆయుధములకును అడ్డ రాజదండముల ముద్ర కలదు గాని, వానిపై బాణపు ములికి వంటి గుర్తు, కిరీటము, రాజు పేరి అక్షరములు కూడ నుండును. ఈ రెండింటిని భ్రమించి కలుపరాదు.

ఈస్టిండియా కంపెనీ ముద్ర మఱియు చిత్రమైనది. హృదయాకారమును నాలుగు గదులుగా విభజించి, వానిలో వి, ఇ, ఐ, సి అను అక్షరములుంచి, పైన నాలుగు అంకెవంటి గుర్తు నిలుపుదురు. ఇది పరీక్షాముద్ర కాదు, సొంతదారుని ముద్ర. కంపెనీవారి సరకుల మూటలమీద కూడ ఇదియే వేయబడెడిది. సుమారు 1808 మొదలు దీనికి బదులు ముందుకాళ్లెత్తి నిలిచిన సింహపు బొమ్మ వచ్చెను. కాబట్టి సింహమున్న పిస్తోలును చూపి ఇది రేమండు దండులోనిదని యెవరైన చెప్పినచో, ఆ సింహమే లేచి కాదని చెప్పును. రేమండు అప్పటికి పదేండ్ల క్రిందటనే గతించెను.

ఫ్రెంచి సైనికాయుధముల పద్ధతి వేఱు. అవి షార్లెవిల్, మోబ్యూజ్, సేంటెతియేన్ అను పట్టణములలోని రాజకీయ కార్ఖానాలలో తయారగుచుండెను. గుఱ్ఱము క్రింది ఇనుపపలకమీద ఆ కార్ఖానా పేరును, గొట్టముమీద తనిఖీదారుల చిన్న ముద్రలును ఉండును. 1789 తరువాతి విప్లవముచే రాజు పోగా, రాజకీయ మను మాటకు బదులు జాతీయ మను మాట ఆ పలకలమీద చెక్కబడెను. ఒక్క మాట మార్పుచే ఆ తుపాకి ఏ కాలమున పుట్టినదో తెలియును. 1777వ సంవత్సరపు ఫ్రెంచి పిస్తోలును దూరమునుండియే గుర్తింపవచ్చును. దాని గొట్టమునకు ముందు కొయ్య యుండదు, గొట్టపు మొదలు ఇత్తడి దిమ్మెలో అమర్చబడియుండును.

బెల్జియములోని లియేజ్ పట్టణమున పరీక్షను గూర్చి 1672లోనే శాసనము వెలువడెను. అయినను గ్రుడ్డు ఆకారములో ఇ, ఎల్, జి అను అక్షరములుండు ప్రసిద్ధ ముద్ర 1810 నాటి నెపోలియను శాసనము తరువాతిది. దానిపై కిరీటమున్నచో 1893కు ఇటీవలిది. ఇండియాకు వచ్చిన పాత పిస్తోళ్లలో ఈ ముద్ర తఱచుగా కనబడును.

మోసమును లేకపోలేదు. ఇంగ్లీషు గుర్తునకు విలువ హెచ్చని తెలిసి, దానిని చూచి చెక్కిన పనివారు కలరు. అక్షరము తలక్రిందైనను, ఎడమ కుడియైనను, మాటలో అక్షరము లోపించినను అనుమానింపవలెను. మఱియొక హెచ్చరిక బాలురకు ముఖ్యము. పాత పిస్తోలు ఇంట దొరకినచో గుఱ్ఱమును లాగి చూడరాదు. నూఱేండ్ల క్రింద కూరిన మందు గొట్టములో ఇంకను ఉండవచ్చును. తోమి మెఱుగు పెట్టరాదు, ముద్రలు అరిగిపోవును. పెద్దలకు చెప్పి, చట్టప్రకారము అధికారులకు తెలుపుటయే యుక్తము.

ఇక రేమండు కథకు వత్తము. అద్దె తుపాకులతో ఎంతకాలము గడచును? ఓడలలో తుపాకులు తెప్పించుటకు సముద్రమంతయు ఇంగ్లీషువారి కావలిలో నుండెను. అందుచే ఆయన హైదరాబాదునందే ఫిరంగులను, గుండ్లను పోతపోయు కార్ఖానాను స్థాపించెను. జనులు దానిని తోప్ కా సాంచా, అనగా ఫిరంగుల అచ్చు, అనిరి. ఇప్పటికిని ఆ పేట గన్‌ఫౌండ్రీ అనియే పిలువబడుచున్నది. ఫతే మైదానమునకు సమీపమున పాత కట్టడపు శేషము నిలిచియున్నది. కంచును కరగించుట, మట్టి అచ్చులు కట్టుట, లోపలి బోలు తొలుచుట అను పనులు ఫ్రెంచివారి పర్యవేక్షణలో ఇక్కడి పనివారి చేతులమీదుగా జరిగెను. పరదేశపు ముద్ర గల ఆయుధమును కొనుటకును, స్వదేశమున ఆయుధమును పుట్టించుటకును ఎంత భేద మున్నదో ఆ వర్తకుని కొడుకు గ్రహించెను.

ఆయన సైన్యమునకు మొదటి కఠిన పరీక్ష 1795 మార్చిలో ఖర్డా యుద్ధమున వచ్చెను. మహారాష్ట్రులు నిజామును చౌతు బాకీకై ఎదిరించిరి. ఆ పక్షమున సింధియా దండును నడిపినవాడు పెర్రాన్ అను ఫ్రెంచివాడే. ఇరుప్రక్కలను ఫ్రెంచి సేనానులు, మధ్య చచ్చువారు మన దేశపు సిపాయిలు! రేమండు పటాలములు గట్టిగా నిలిచి శత్రువుల గుఱ్ఱపుదళమును వెనుకకు కొట్టినవి. కాని నిజాము భయపడి సేననంతయు రాత్రివేళ ఖర్డాకోటకు మరలింప నాజ్ఞాపించెను. ఆ చీకటిలో దండు చెదరెను. కోటలో చిక్కుకొనిన నిజాము అవమానకరమైన సంధికి ఒప్పుకొనవలసి వచ్చెను. గొట్టము పగులకున్నను, కాల్చు చేయి వణకినచో గుఱి తప్పునుగదా.

ఆ యుద్ధమున ఇంగ్లీషువారు తోడ్పడలేదను కోపముచే నిజాము వారి పటాలములను పంపివేసి, రేమండునే నమ్ముకొనెను. కొలది నెలలలోనే రెండవ పరీక్ష వచ్చిపడెను. 1795 జూన్ మాసాంతమున నిజాము కుమారుడు ఆలీజాహు తండ్రిపై తిరుగుబాటు చేసి బీదరు వైపు పోయెను. వృద్ధుడైన ప్రభువు ఒకవైపు, రేపటి రాజు కాగోరు యువకుడు మఱియొకవైపు. స్వలాభమును మాత్రమే చూచువాడు ఉదయించు సూర్యునికే మ్రొక్కును. రేమండు తన ఉప్పు పెట్టిన వృద్ధుని పక్షముననే నిలిచి, రాజకుమారుని వెంటాడి పట్టుకొనెను. ఆ యువకుడు రాజధానికి తేబడుచు దారిలోనే ప్రాణత్యాగము చేసికొనెను. ఇది సంతోషింపదగిన విజయము కాదు. అయినను నమ్మిన ప్రభువునకు కష్టకాలమున ద్రోహము చేయలేదని మాత్రము ఒప్పుకొనవలెను.

రేమండునందు లోపము లేదని చెప్పుట సత్యము కాదు. ఆయన మనస్సు రెండు దేశముల నడుమ నుండెను. తినునది నిజాము ఉప్పు. అయినను ఆయన పటాలములు ఫ్రెంచి గణరాజ్యపు జెండాను పట్టెను. సిపాయిల చొక్కా బొత్తాములమీద స్వాతంత్ర్యపు టోపీ గుర్తు చెక్కబడియుండెను. బొత్తాము చిన్నదే గాని ముద్ర చిన్నది కాదు. ఆ గుర్తును చూచి ఇంగ్లీషువారు కలవరపడిరి. 1798 జూలైలో నెపోలియను ఐగుప్తు దేశమున దిగుటయు, మైసూరులో టిప్పుసుల్తాను ఫ్రెంచివారి సాయము గోరుటయు ఆ కలవరమును పెంచినవి. ఈ సిపాయిలు ఎవరివారు? నిజామువారా, ఫ్రెంచివారా? ఈ ప్రశ్నకు బొత్తాము ఒక జవాబు చెప్పెను, ఆలీజాహు తిరుగుబాటునాటి నడత మఱియొక జవాబు చెప్పెను.

ఆ ప్రశ్న తీవ్రమగుటకు ముందే రేమండు కాలము తీరెను. 1798 మార్చి 25వ తేదీన, నలుబదిమూడేండ్లు నిండకమునుపే, ఆయన మరణించెను. విషప్రయోగమని కొందఱు అనుకొనిరి గాని దానికి నిదర్శనము లేదు. నిదర్శనము లేని మాటను పరీక్షాముద్ర లేని గొట్టమువలె ప్రక్కన పెట్టుటయే న్యాయము.

ఆయన పోయిన యేడు నెలలకే ఆయన కట్టిన దండును పోయెను. 1798 సెప్టెంబరు 1వ తేదీన నిజామునకును కంపెనీకిని సంధి కుదిరెను. ఫ్రెంచి దళమును రద్దుచేయుట దానిలోని షరతు. రేమండు తరువాత వచ్చిన పిరాన్ అనువానికి ఆ పలుకుబడి లేకుండెను. అక్టోబరులో బాకీపడిన జీతములకై సిపాయిలు తిరుగబడి తమ అధికారులనే నిర్బంధించిరి. అప్పుడు ఇంగ్లీషు పటాలములు చుట్టుముట్టగా, కిర్కుపాట్రికు, మాల్కము అను కంపెనీ ఉద్యోగుల ప్రయత్నమున, రక్తపాతము లేకుండ వేలకొలది సిపాయిలు ఒక్కదినమున ఆయుధములు క్రింద పెట్టిరి. ఏండ్ల తరబడి చేసిన పని కొన్ని గంటలలో ముగిసెను. ఒక్క మనుష్యుని ప్రతిష్ఠపై మాత్రమే నిలిచిన కట్టడమునకు ఆ మనుష్యుడే స్తంభము. స్తంభము పడినచో కప్పు నిలువదు.

దండు పోయినను పేరు పోలేదు. ఫ్రెంచివారు మర్యాదకై పేరునకు ముందు చేర్చు మొస్యే అను మాట జనుల నోట మూసా యయ్యెను. రేమండు అను పేరు హిందువుల నోట రాం అయ్యెను, ముసల్మానుల నోట రహీం అయ్యెను. మూసారాం, మూసారహీం! రెండు మతములవారును ఒక పరదేశిని తమ తమ పేళ్లతో పిలిచికొనిరి. మలకుపేట ప్రాంతమునందలి మూసారాంబాగు ఆ పేరనే వెలసినది. ఏటేట ఆయన సమాధి యొద్ద దీపధూపములతో జనులు ఉత్సవము జరుపుట చాలకాలము సాగెను. చంపినవారికి సమాధులు ఎందఱో రాజులు కట్టించిరి. జీతమిచ్చి, మాట నిలిపి, పని నేర్పిన వానికి బీదలు దీపము పెట్టిరి.

ఆ సమాధి అస్మాన్‌గఢ్ గుట్టపై నున్నది. నల్లరాతితో సుమారు ఏడు మీటర్ల యెత్తున సూదిగా నిలిచిన స్తంభము. దానిపై బిరుదులు లేవు, యుద్ధముల పట్టిక లేదు. జె, ఆర్ అను రెండక్షరములు మాత్రము కలవు. జోకిం రేమండు అని వాని భావము.

పెబ్బేరునుండి రాజమార్గమున హైదరాబాదునకు పోవు మన బాలురు ఎప్పుడైన ఆ గుట్ట యెక్కినచో ఆ రెండక్షరముల ముందు కొంచెము నిలువవలెను. పిస్తోలు గొట్టముమీది ముద్ర ఆ యినుము ఏ యూర పరీక్షకు నిలిచినదో చెప్పును. అది పిదప ఎవరి చేత పట్టబడినదో, న్యాయమునకు కాలినదో అన్యాయమునకు కాలినదో ఆ ముద్ర చెప్పజాలదు. దానిని చెప్పవలసినవారు చూచిన జనులు. రేమండు పుట్టుకముద్ర ఫ్రాన్సుది. బొత్తాముల ముద్రయు ఫ్రాన్సుదే. కాని ఖర్డాలో నిలిచినదియు, వృద్ధ ప్రభువును విడువనిదియు, అద్దె తుపాకితో మొదలుపెట్టి కార్ఖానా కట్టినదియు చూచిన ఈ నేల ప్రజలు తమ ముద్రను తామే వేసిరి. ఆ ముద్ర మూసారాం అను పేరు. ఉలితో కొట్టినది అరిగిపోవును, తోమినచో మాయును. నోటినుండి నోటికి వచ్చినది మాత్రము రెండువందల యేండ్లు దాటియు పేట పేరై నిలిచియున్నది.